ఈరన్న ఆటో పాట

మారెమ్మ వదినా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. పెద్దకడుబూరు చేలల్లో మళ్లీ పత్తి తీతలు మొదలయ్యాయి. నువ్వైతే ఎవరినో ఒకరిని తిట్టి పాట ఎత్తుకునేదానివి, మిగతాది మేం అల్లేవాళ్లం. నువ్వు లేవని నేనే మూడు రోజులు ఆలోచించి, వెన్నెల మీద ఒక పాట కట్టాను. పాడుతుంటే పక్కసాలులో లక్ష్మి ఆవలించింది.

ఈరోజు మమ్మల్ని చేనుకు తీసుకెళ్లే ఆటో రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"యాడ సస్తివి ఈరన్నా, ఎండ నెత్తికొచ్చె!" అని డ్రైవరు మీద అరిచాను.

"యాడ పంటివి ఈరన్నా, సద్ది పులిసిపాయె!" అని వెనక నుంచి లక్ష్మి అందుకుంది.

అంతే, పదిమందీ గొంతు కలిపారు. చేను చేరేసరికి పన్నెండు చరణాలయ్యాయి.

"మా ఇంటామె పొద్దున తిట్టింది గూడ కలపండక్కా," అని ఈరన్నే ఇంకో చరణం ఇచ్చాడు. దిగేటప్పుడు, "మొదట ఎవురు కట్టినారక్కా ఈ పాట?" అని అడిగాడు.

"ఇంకెవురు? మా మారెమ్మక్క!" అంది లక్ష్మి.

నాకు రోషమొచ్చింది వదినా. నేనే కట్టానని చెప్పబోయాను. అప్పటికే లక్ష్మి, పేరొక్కటే ఈరన్నది పెట్టామంటూ, నువ్వు ఆ పాట ఏ చేలో, ఎవరి మీద కోపంతో కట్టావో ఈరన్నకు పూసగుచ్చినట్టు చెబుతోంది. అందరూ అవునవునంటున్నారు. నేనూ అవునన్నాను.

నీ ఆడబిడ్డ,
పార్వతి