లేట్ విల్సన్ గారి కుమార్తె

మదనపల్లె,
సోమవారం.

నాన్నకు,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. ఆ మాట లేకపోయినా ఉత్తరం నీకు అందుతుంది. ఫోన్లో అయితే మధ్యలో నోరు చేసుకుంటావు, అందుకే రాస్తున్నాను.

నా పెళ్లికార్డు చూసి అమ్మకు ఫోన్ చేసి అరిచావట. "బతికుండంగానే నన్ను పూడ్సిపెట్టినారా? ఎవురి పని ఇది?" అని. అమ్మ ఫోన్ పెట్టేసింది. జవాబు నేను చెబుతాను, అమ్మ జోలికి పోవద్దు.

కార్డులు పుంగనూరులో మునిరత్నం ప్రెస్సులో వేయించాం. పేర్లు అమ్మే ఫోన్లో చెప్పింది. "పెండ్లికూతురి నాయన పేరేందమ్మా?" అని అడిగాడట. "విల్సన్. ఆయన లేటప్పా" అంది. నువ్వు దేనికైనా ఆలస్యంగా వచ్చే మనిషివని, ప్రూఫ్ చూడడానికి నీకోసం ఆగొద్దని అమ్మ ఉద్దేశం. మునిరత్నం నువ్వు చనిపోయావనుకుని "లేట్ విల్సన్" అని కూర్చాడు. ప్రూఫ్ నా ఫోన్‌కు వచ్చింది. చూశాను. ఓకే అని పంపాను. పూడ్చిపెట్టింది నేనే, తిట్టాలంటే నన్ను తిట్టు.

ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను కదా, ఈ మాట అర్థాలు బోర్డు మీద రాస్తుంటాను. ఆలస్యం ఒకటి. చావు ఇంకొకటి. చివర్న ఎస్ట్ చేరిస్తే కొత్తది. కుప్పంలో నువ్వు పెట్టిన సంసారం లేటెస్టు! నేను మాత్రం ఈ మాట బడిలో నేర్చుకోలేదు, నీ దగ్గరే నేర్చుకున్నాను. అవ్వ సమాధి మీద మట్టి వేసేశాక వచ్చి "బస్సు లేటైపాయ" అన్నావు. అమ్మకు ఆపరేషనైన నాలుగో రోజు కమలాపండ్లు పట్టుకొచ్చి "సెలవు లేటుగా ఇచ్చిరి" అన్నావు. అమ్మ ఆ పండ్లు పక్క మంచం ఆమెకు ఇచ్చేసింది. నేను ఒకటి దాచుకుని తిన్నాను. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

సిగ్గు విడిచి ఇంకో మాట. ఇరవై రెండున పదింటికి చర్చిలో పెళ్లి. "ఈ అమ్మాయిని ఎవరు ఇస్తున్నారు" అని పాస్టరు గారు అడిగినప్పుడు నా చెయ్యి పట్టుకుని నువ్వు నిలబడాలి. బెన్నీ మామ నేనుంటాలే అంటున్నాడు. నాకు మామ వద్దు. నీ ముఖం చూడాలంటే అసహ్యం, అయినా నువ్వే కావాలి.

నీ కూతురు,
జెనిఫర్.

మదనపల్లె,
బుధవారం.

విల్సన్ గారికి,

బిడ్డ ఈ ఉత్తరం పోస్టులో వేయమని నాకిచ్చింది. అంటించిన కవరు చించి చదివాను. రెండూ కలిపి పంపుతున్నాను.

పిచ్చిది నన్ను వెనకేసుకొచ్చింది. మునిరత్నం పొరపాటు పడలేదు. "ఆయప్ప ఉండాడా అమ్మా?" అని మళ్లీ అడిగాడు. "లేడప్పా" అన్నాను. తొమ్మిదేళ్ల కిందట ఇక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పుడే మీరు పోయారని అందరికీ చెప్పాను. కుప్పంలో ఇంకొకామెతో ఉన్నారని చెప్పడం కంటే అదే నోటికి తేలికైంది. క్రిస్మస్‌కు చర్చిలో విధవరాండ్రకు ఇచ్చే చీర ఏటా చెయ్యి చాపి తీసుకున్నాను. ఆసుపత్రి స్టాఫందరికీ ఇస్తారని బిడ్డకు చెప్పాను. ఒక్కటీ కట్టలేదు.

మీరు చర్చి గడప తొక్కితే నా అబద్ధం బయటపడుతుంది. మిమ్మల్ని రానీయకూడదనే కార్డు అలా వేయించాను. ఇంత చేసిన మీ చెయ్యే దానికి కావలసి వచ్చింది. అది చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను, మీకోసం మాత్రం కాదు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక తొమ్మిది చీరలూ బల్ల మీద పెట్టి, మా ఆయన బతికే ఉన్నాడని చెబుతాను. నలుగురూ ముఖం మీద ఉమ్మినా తుడుచుకుంటాను. మీరు ఇరవై రెండున పదింటికల్లా రండి. పది దాటితే మాత్రం గేటు దగ్గరి నుంచే వెనక్కి వెళ్లండి. అప్పుడు మీరు పోయారని నేను చెప్పక్కర్లేదు, మీ బిడ్డే చెబుతుంది.

జ్ఞానమ్మ.