రెండో అపెండిక్స్

నా పిచ్చుకకు,

ఫోన్లో మాట్లాడదామంటే మీ అమ్మ నీ పక్కనే ఉంటుంది, నీ బదులు తనే జవాబులు చెబుతుంది. అందుకే ఈ ఉత్తరం.

నిన్న తనే ఫోన్ చేసింది. "కంగారు పడకమ్మా, దానికి చిన్న ఆపరేషన్. అపెండిక్స్" అంది.

"క్రితంసారి తీసిందీ అదే కదే?" అన్నాను.

"మళ్లీ వచ్చిందమ్మా" అంది.

మనిషికి అపెండిక్స్ ఒక్కటే ఉంటుందని జీవితమంతా బడిపిల్లలకు చెప్పినదాన్ని. మీ అమ్మా నా క్లాసులోనే కూర్చుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుందని ఇప్పుడు తెలిసింది.

నవ్వావు కదా? ఇక అసలు సంగతి రాయి. ఈ ఇంట్లో నేనూ గోడ గడియారమూ తప్ప ఎవరూ లేరు, అది ఎవరికీ చెప్పదు. సాయంత్రాలు ఇక్కడ మరీ నిశ్శబ్దం. నువ్వు అందరి మధ్యా ఉండి ఇంతకన్నా ఒంటరిగా ఉన్నావేమోనని నా అనుమానం.

నీ అమ్మమ్మ

పిచ్చుకా,

నీ జవాబు చదివి కళ్లజోడు తుడుచుకున్నాను. తడిసింది అద్దాలేనని అనుకో.

అండాశయంలో గడ్డ. పూర్తిగా క్యాన్సరూ కాదు, మామూలు గడ్డా కాదు, రెంటికీ మధ్య గట్టు మీద కూర్చున్న రకం. క్రితంసారి ఒక అండాశయం తీసేశారు, ఇప్పుడు మిగిలినదానిలోనూ వచ్చింది. గడ్డ వరకే తీస్తే మళ్లీ రావచ్చు, ఏళ్ల తరబడి స్కానింగులు తప్పవు. మొత్తం తీసేస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది, నీ బిడ్డను నువ్వు కనే దారి దాదాపు మూసుకుంటుంది. మీ అమ్మ "ఉంచండి" అని డాక్టరమ్మను బతిమాలుతోంది. నిన్ను చేసుకోబోయేవాడు "నీ ఇష్టం" అనేసి ఫోన్ చూసుకుంటున్నాడు. "అందరూ నా కడుపు గురించే మాట్లాడతారు అమ్మమ్మా, నాతో ఎవరూ మాట్లాడరు" అని రాశావు. అక్కడ చాలాసేపు ఆగిపోయాను.

నేనైతే ఏం చేస్తానని అడిగావు. మొదట "మొత్తం తీయించేయ్" అనే రాశాను. ఇంకా పుట్టని మునిమనవడితో నాకేం పరిచయం? నాకు కావలసింది నువ్వు. కానీ ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశావు: "నాకు బిడ్డ కావాలి, అమ్మ కోసం కాదు, నాకే." దాని మీద సన్నటి గీత. ఎన్నో పేపర్లు దిద్దినదాన్ని, నిజంగా వద్దనుకున్న మాటను ఎవరూ అంత మెల్లగా కొట్టెయ్యరు. నేను రాసిన కాగితం చింపేశాను.

ఆ మాట గీత లేకుండా డాక్టరమ్మకు చెప్పు. మళ్లీ వస్తుందేమోనని నీకు భయం. నాకూ భయమే. విడివిడిగా ఎందుకు, పక్కపక్కన కూర్చుని భయపడదాం. పెట్టె సర్దుకున్నాను.

ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో ఎవరైనా "ఏమైందండీ అమ్మాయికి?" అని అడిగితే, చిట్టచివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో "అండాశయంలో గడ్డ" అని చెబుతాను. మీ అమ్మను నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను, కిటికీ లేని చోటు చూసి.

బయల్దేరుతున్న
నీ అమ్మమ్మ