రాలిన మామిడికాయ తింటరా?

నాయనమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ నీకు నేనే చదివి వినిపించేదాన్ని కదా, దీన్ని కూడా పైకి చదువుకుంటూ రాస్తున్నాను.

నిన్న జూలూరుపాడు నుంచి పెళ్లిచూపులకు రాజేందర్ అనే అతను వచ్చాడు. వాకిట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి పెద్దవాళ్లు లోపలికి పోయారు. టీనా కాఫీనా, పులుపా తీపా అని ఆటగా ఒకరినొకరం అడిగాం. ఆ తర్వాత, కొత్త కాపు వేల్పుకు పెట్టందే ముట్టని మన ఇంటికి కొత్త మనిషి ఎవరొచ్చినా నువ్వు అడిగే ప్రశ్న అడిగాను.

"కొత్తల పండుగకు వేల్పుకు పెట్టకముందే మామిడికాయ రాలితే తింటరా?"

"తింట. మా అమ్మకు చెప్పి తిట్లు గూడ తింట."

నవ్వాపుకోలేకపోయాను. ఇది మా నాయనమ్మ అందరినీ అడిగే ప్రశ్న అని చెప్పాను. అప్పుడతను, "మరి మీ నాయనమ్మ తింటుండెనా?" అన్నాడు.

నాకు తెలియదు. ఇన్నేళ్లు నీ పక్కలో పడుకున్నాను, ఒక్కసారీ నిన్ను తిరిగి అడగలేదు. లోపలికెళ్లి నాన్నను అడిగాను.

"ఏమో బిడ్డా, మా అమ్మను గిట్ల అడిగినోళ్లెవరు?" అన్నాడు.

నీ గురించి అడిగిన ఆ మనిషికి, సాయంత్రం సరేనని చెప్పి పంపాను.