తుంచేసిన పూత

ఫిబ్రవరి, ఆదివారం రాత్రి. ఆగిరిపల్లి.

పొద్దున నేను తోటలో అడుగు పెట్టానో లేదో, "జర్నల్‌కి పంపిన పేపరు వెనక్కి తీసుకున్నావంటగా?" అన్నారు నాన్న. యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు ఏకంగా ఇంటికే ఫోన్ చేశారట! నాకు నలభై దాటాయి. నా మీద నాన్నకి కంప్లయింటా?

నా నానోట్యూబులు, వెంట్రుకలో వెయ్యో వంతు మందం ఉండే ఆ టంగ్‌స్టన్ సల్ఫైడ్ గొట్టాలు, పాత ఫర్నేసులో గడ్డి మొలిచినట్టు మొలుస్తాయి. కొత్త ఫర్నేసులో వట్టి పొడి. ఎందుకో నాకే తెలీదు. తెలీకుండా, ఈ పద్ధతిలో ఎవరైనా చేయొచ్చని ఎలా రాసేది?

"పేపరు లేకపోతే కాంట్రాక్టు పొడిగించరంట. ఇప్పటికి పంపేసి, తర్వాత సరిచేసుకోవచ్చు కదమ్మా?" అన్నారు నాన్న. అంటూనే, రెండేళ్ల మామిడి అంటుమొక్క మీద పూత తుంచి కింద పడేస్తున్నారు. ఎంత మంచి పూతో!

"మరి దాన్నెందుకు తుంచేస్తున్నారు?"

"లేత మొక్కమ్మా. ఇప్పుడే కాయనిస్తే చెట్టు ఎదగదు."

"నాదీ లేతదే నాన్నా."

నాన్న పక్క మొక్క దగ్గరికెళ్లి, కొమ్మ వంచి నాకందించారు. నేనే తుంచాను.

కాంట్రాక్టు పోతే ఏం చేస్తానో... భయం లేదని కాదు. కానీ పంపను. కొత్త ఫర్నేసులో కూడా మొలిచేదాకా పంపను.

హెడ్ గారు మళ్లీ నాన్నకే ఫోన్ చేస్తే చేసుకోమను. ఈసారి నాన్నేం చెప్తారో నాకు తెలుసు.