ఖాళీ మేకు

మంగళవారం మధ్యాహ్నం

బావా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీసి, మళ్ళీ మనసు మారి, నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న బల్ల కాలి కింద దోపాను. ఊగడం ఆగింది. బల్ల నిలకడగా ఉంటే రాయకపోవడానికి సాకు దొరకలేదు. మడతలు చూసి ఏమనుకోకు, ఇది ఆ కాగితమే, దాని చోట అట్టముక్క దోపాను.

మొన్న పెళ్ళిలో కలిసినప్పుడు మనిద్దరం అరగంట సేపు ఎండల గురించి మాట్లాడుకున్నాం. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎక్కడ కలిసినా ఎండలు, వానలు, మోకాళ్ళు. ఫుట్‌బాల్ మాట మాత్రం ఎత్తం. ఒకే జట్టులో ఆరేళ్ళు ఆడినవాళ్ళం.

డిపో జట్టు మళ్ళీ ఫైనల్‌కి వచ్చింది. ఆదివారం ఆట, రేవు జట్టుతో. బస్సుల కింద పడుకుని రిపేర్లు చేసే ఉద్యోగం అయిపోయి తొమ్మిదేళ్ళయినా కోచ్ పని నా మెడకే ఉంది, ఇంకెవరూ తీసుకోక. ఈ విద్యలో నా చదువెంతో నీకు తెలుసు. లైబ్రరీవాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న ఒకే ఒక్క పుస్తకం. అందులో ఎనభై ఒకటో పేజీ నుంచి నూట పది దాకా లేవు. డిఫెన్సు సంగతంతా ఆ ముప్పై పేజీల్లోనే ఉండేదని మా ఆట చూసినవాళ్ళెవరైనా చెబుతారు.

నా చిక్కు ఇది. రేవు జట్టులో గుండు అని ఒకడున్నాడు. వాడు పరిగెత్తడు, ఎవరితోనూ పోట్లాడడు. మన మిడ్‌ఫీల్డ్ వెనకా, డిఫెండర్లకి ముందూ ఉండే ఖాళీలో అద్దెకున్నవాడిలా నిలబడతాడు. బంతి వాడి దగ్గరికి చేరిందా, తర్వాత మనం చేసేదేమీ ఉండదు. వాడికి అంటుకుని తిరిగే మనిషి కావాలి. మాకు మధ్యలో ఇద్దరు. ఒకడు వెల్డరు, వాణ్ణి తీయలేను. రెండోవాడు నిదానం. అవును, నా అల్లుడే. జట్టంతా వాణ్ణి నిదానం అనే పిలుస్తారు. వాడు ఇచ్చిన పాసు చూస్తే ఉత్తరం సరైన ఇంటికి చేరినట్టుంటుంది. కానీ ముప్పై ఐదేళ్ళు వచ్చాయి, గుండు వెనక తిరగమంటే తిరగలేడు. తిరగగలిగేది రాకెట్టు అని టైర్ల షాపులో పనిచేసే కుర్రాడు. ఊపిరి ఉంది, ఆలోచన ఇంకా రావలసి ఉంది. ముగ్గుర్నీ పెడదామంటే ఒక ఫార్వర్డుని తీయాలి. మాకున్నదే ఇద్దరు, అందులో ఒకడికి గోలు కొట్టడమంటే మొహమాటం.

నిన్న మీ మేనకోడలు వచ్చి కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అంది. "నాన్నా, ఆయనకి ఇదే ఆఖరి ఫైనల్. మీకు తెలుసుగా."

"తెలుసమ్మా."

"తెలిస్తే సరే."

డిపోలో ఇప్పటికీ అదే పద్ధతి. దుస్తుల గది గోడకి పద్దెనిమిది మేకులు, ఒక్కొక్కడికి ఒకటి. ఆట రోజు పొద్దున్నే కోచ్ వెళ్ళి పదకొండు చొక్కాలు తగిలిస్తాడు. చొక్కా ఉన్నవాడు ఆడతాడు. మేకు ఖాళీగా ఉన్నవాడు ఆడడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఎంత సుఖమైన పద్ధతో అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

ఇక అసలు సంగతి. ఇందాకటి నుంచీ దీని చుట్టూ తిరుగుతున్నాను.

మన ఫైనల్ రోజున అప్పటి కోచ్ పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నాడు కదా, ఆపరేషన్ అయి. ముందురోజు నన్ను పిలిచి చీటీ చేతిలో పెట్టాడు, పొద్దున్నే చొక్కాలు తగిలించమని. మధ్యలో రాసిన పేరు నాది కాదు బావా. నీది. నాది అసలు ఆ చీటీలోనే లేదు.

మీ చెల్లెల్ని నాకిచ్చి అప్పటికి ఆరు నెలలు. మొదటిసారి ఆట చూడటానికి వస్తానంది. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు. నీ చొక్కా తీసి నా మేకుకి తగిలించాను, చీటీ నమిలి మింగేశాను. నువ్వు వచ్చావు. మేకు వంక కాసేపు చూశావు. భుజం మీది తువ్వాలు తీసి ఆ మేకుకి తగిలించి వెళ్ళిపోయావు. ఆ తువ్వాలు ఆరు నెలలు అక్కడే ఉంది, తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆట ఎలా ఓడిపోయామో నీకు తెలుసు. వాళ్ళ రెండు గోల్సూ నేను ఉండాల్సిన చోటు నుంచే వచ్చాయి. పెద్దాయన ఎక్కడ అడుగుతాడోనని నెల్లాళ్ళు వణికాను. ఆ నెలలోనే ఆయన పోయాడు. ఏడ్చాను, అందులో కొంత ఊరట కూడా ఉందని ఈ కాగితానికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

మీ చెల్లెలు ఆ రోజు ఎవర్ని చూసిందో తెలుసా? గోల్ కీపర్‌ని. "అందరూ అటూ ఇటూ పోతుంటే ఆయనొక్కడే ఒకచోట ఉన్నాడు" అంది.

ఇప్పుడు ఆమె గుమ్మంలోంచి అడుగుతోంది. "ఉత్తరం రాస్తున్నారా, వీలునామా రాస్తున్నారా?"

నీ స్థానంలో నేనాడాను. ఇప్పుడు నా అల్లుణ్ణి తీయాలి. నువ్వైతే ఏం చేస్తావో చెప్పు. చెప్పకపోయినా ఏమనుకోను, నాకు అడిగే అర్హత లేదని తెలుసు.

నీ బావ

*

సోమవారం

బావా,

నీ కార్డు శనివారం చేరింది. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మీ చెల్లెలికి చూపించాను. ఆమె చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇద్దరికీ బుద్ధి లేదు" అని లోపలికి వెళ్ళింది.

నువ్వు రాసిన మాటలు ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, నేను సరిగ్గానే చదివానో లేదో చూడు. "చీటీ సంగతి నాకు ఆ వారమే తెలిసింది. పెద్దాయన్ని చూడటానికి వెళితే, ఎలా ఆడావురా అని అడిగాడు. బాగానే ఆడానని చెప్పాను. నా కోపం నన్ను తీసినందుకు కాదు. మేకు చేత చెప్పించావు. నీ అల్లుడికైనా నోటితో చెప్పు."

బాగానే ఆడానని చెప్పావా. పోయే మనిషికి నా తప్పు కనబడకుండా నువ్వు అడ్డం నిలబడ్డావు. నేను ఇన్నేళ్ళూ నీతో ఎండల గురించి మాట్లాడాను.

శనివారం సాయంత్రం అల్లుడి ఇంటికి వెళ్ళాను. వాడు మెట్ల మీద కూర్చుని బూట్లకి రంగు వేస్తున్నాడు. ఒక బూటు అయింది.

"రేపు నువ్వు మొదట ఆడవు. గుండు వెనక రాకెట్టుని పెడుతున్నాను" అన్నాను.

వాడు బ్రష్షు ఆపలేదు. "ఈ మాట మీ మేకు చెప్పేది కదా, మామయ్యా."

"ఈసారి నేను చెబుతున్నాను."

"రాకెట్టు అరవై నిమిషాలు బాగా ఆడతాడు. తర్వాత వాడికి గోలు కొట్టాలనిపిస్తుంది. చూసుకోండి." రెండో బూటు తీసుకున్నాడు. లోపల అమ్మాయి గిన్నెలు కొంచెం గట్టిగా సర్దుతున్న చప్పుడు వినబడింది. నాకు కాఫీ ఇవ్వలేదు. నేను అడగలేదు కూడా.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఓపిక లేదు. మొదటి సగంలో మొహమాటస్తుడు పొరపాటున గోలు కొట్టాడు. గుండు వెళ్ళిన చోటికల్లా రాకెట్టు వెళ్ళాడు. వాడు నీళ్ళు తాగడానికి వెళితే వీడూ వెళ్ళాడు. నేను బెంచీ మీద కూర్చుని, జన్మలో మొదటిసారి సరైన మనిషిని సరైన చోట పెట్టాననుకున్నాను. అరవై రెండో నిమిషంలో రాకెట్టు కాలికి బంతి తగిలింది. వాడికి గోలు కొట్టాలనిపించింది. ముగ్గుర్ని దాటాడు, నాలుగోవాడి దగ్గర పోగొట్టుకున్నాడు. వెనక గుండు ఒక్కడే, అద్దె కూడా లేని ఇంట్లో. బంతి వాడికే చేరింది, స్కోరు సమం. అప్పుడు నిదానాన్ని ఆటలోకి దించాను. వాడు బంతి పట్టుకున్నాక ఆట ఊపిరి తీసుకున్నట్టయింది. మా పిల్లలు మళ్ళీ మనుషుల్లా కనబడ్డారు. చివర్లో వాళ్ళకి కార్నర్ దొరికింది, తలతో కొట్టారు. దానికి మధ్యలో ఎవరున్నా ఒకటే. రెండు ఒకటి, ఓడిపోయాం.

డిపో మేనేజరు వచ్చి, "మీ అల్లుణ్ణి ముందే దించాల్సింది" అన్నాడు. అవునన్నాను. అల్లుడు పక్కనే బూట్లు విప్పుతూ విన్నాడు. బయటికి నడిచేటప్పుడు నా సంచీ వాడు పట్టుకున్నాడు.

మనిషిని ఎంచడంలో నేను రెండుసార్లూ తప్పాను బావా. చెప్పడంలో ఒకసారి తప్పలేదు. అది నువ్వు ఇచ్చిన పాసే.

ఇవాళ పొద్దున కటింగ్ ప్లయర్ పట్టుకుని డిపోకి వెళ్ళి మేకులు పీకాను. పదిహేడు వచ్చాయి. నీది తల విరిగి గోడలోనే ఉండిపోయింది. పైన కొంచెం సున్నం రాసి వచ్చాను.

నీ బావ