ఆదివారం ఆదరణ కూడిక వద్దు

పాస్టరుగారికి వందనాలు.

ఈ ఆదివారం మా ఆయన దానియేలు పేరున పెట్టిన ఆదరణ కూడిక దయచేసి ఆపండి. తుపానులో బోటు కనబడకుండా పోయి పన్నెండు రోజులే అయింది. చనిపోయినవాళ్ళకు పెట్టే కూడికలో నేను తెల్లచీర కట్టుకుని కూర్చోలేను.

నిన్న మీరు మా ఇంటికొచ్చి, "కుదురుగా ఉండి దేవుని మీద భారం వెయ్యమ్మా" అన్నారు. ఆ మాట మా ఆయన దగ్గర పదిహేనేళ్ళుగా వింటున్నానండి. పెద్ద గాలి పట్టుకుంటే ఆయన ఒడ్డుకి పరుగు తీయడు. ఇంజను ఆపేసి, మోకు కట్టిన వలను ముందువైపు నుంచి నీళ్ళలోకి దించి, బోటును గాలికి ఎదురుగా నిలబెట్టి ప్రార్థన చేసుకుంటాడు. ఒడ్డుకి పరుగు తీస్తే వెనక నుంచి అల కొట్టి బోటు తిరగబడుతుందని, ఇలా నిలబడే ప్రతిసారీ బతికి వచ్చానని అంటాడు.

తుపాను పట్టుకున్న ఆరోజు ఫిషింగ్ హార్బర్ ఆఫీసులో వైర్‌లెస్ ముందు నన్ను కూర్చోబెడితే, "నాను వల దించేసి కూకుంటాను. దేవుడున్నాడు, నువ్వు బయపడకు" అన్నాడు. నేనే ఏడ్చాను. "నీ దేవుడూ వద్దు, నీ వలా వద్దు. పిల్ల ముకం సూసి బేగొచ్చీ" అని అరిచాను. ఆయన జవాబు వినబడేలోపే వైర్‌లెస్ ఆగిపోయింది.

ఇక నేను కుదురుగా ఎలా ఉండనండి?

కూడిక బదులు సంఘమంతా ఒక్క ప్రార్థన చెయ్యండి. పదిహేనేళ్ళలో ఏనాడూ నా మాట వినని మనిషి, ఆరోజు కూడా విని ఉండకూడదని.

ఇట్లు,
దానియేలు భార్య