బొటనవేలు చేసిన మోసం

మార్చి 3

నన్ను చెడగొట్టింది మీరే. ఇది చదువుతున్నది ఎవరైనా సరే, మీరే. నొప్పి లేదనే పేషెంటంటే మీకు ముద్దు. ప్రశ్న వేస్తే మొహం ముడుచుకుంటారు, "ఫైన్, థాంక్యూ" అంటే భుజం తడతారు. ఏడాదిన్నరగా ఆ భుజం తట్టించుకోవడం కోసమే డాక్టర్ల చుట్టూ తిరిగాను. నేను! కనబడిన ప్రతివాడితో తగువు పెట్టుకునే నేను!

నిన్న మా కౌంటీ పాలకుల మీటింగ్. బస్సు రూటు తీసేయొద్దని చెప్పడానికి నాకిచ్చింది మూడు నిమిషాలు. రాసుకున్న కాగితాలు కుడిచేతిలో. సగంలో వేళ్ల మధ్య నుంచి జారి పోడియం కింద పడ్డాయి. నేనింకా పట్టుకునే ఉన్నాననుకుంటున్నాను... మిగతాది నోటికొచ్చింది మాట్లాడాను. బాగానే తిట్టాను, అది వేరే సంగతి.

ఇంటికొచ్చాక మా ఆయన రఘు: "మోచేతికి ఆపరేషన్ అయ్యాక తగ్గిపోయిందన్నావు కదా?"

అన్నాను. అందరితో అదే అన్నాను.

మార్చి 5

ఉంగరపు వేలు, చిటికెన వేలు — మొద్దు. పొద్దున చొక్కా గుండీలు నీల పెట్టింది. పదిహేడేళ్లది, నా మొహంలోకి చూడకుండా పెట్టింది. చివరి గుండీ దగ్గర — "అమ్మా, డాక్టర్‌కి నువ్వు ట్రూత్ చెప్పావా?"

మార్చి 9

సరే, రాస్తాను.

మొదటి ఆపరేషన్ తర్వాత వెళ్లినప్పుడల్లా ఒక పరీక్ష. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెడతారు. గట్టిగా పట్టుకోవాలి. వాళ్లు లాగుతారు. తొలిసారి ఇట్టే వచ్చేసింది. అక్కడి అసిస్టెంట్ "నెక్స్ట్ టైమ్!" అంది జాలిగా. తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ప్రాక్టీస్ మొదలుపెట్టాను. కిరాణా రసీదులతో, నీల పాత హోంవర్క్‌తో. వంటింట్లో, సిగ్నల్ దగ్గర కారులో. ఎంట్రన్స్‌కి కూడా అంత చదవలేదు. బొటనవేలి కొస వంచి నొక్కితే కాగితం ఆగుతుందని కనిపెట్టాను. మరుసటిసారి కాగితం చిరిగింది గానీ చేతిలోంచి రాలేదు. "ఎక్సలెంట్!" రికార్డులో ఎక్కించారు: బలం పూర్తిగా వచ్చింది. కారెక్కగానే రఘుకి ఫోన్ చేసి, ర్యాంకు వచ్చిన పిల్లలా చెప్పుకున్నాను.

ఈ లోపల చెయ్యి చచ్చిపోతూ ఉంది.

మార్చి 17

కొత్త డాక్టర్. డాక్టర్ వీవర్. అరవై దాటిన మనిషి, కురచ జుట్టు. ఒకసారి ఆపరేషన్ చేసి కుదరని చేతులు ఎక్కువగా ఆవిడ దగ్గరికే వస్తాయట. మా అల్ఫారెట్టా నుంచి అట్లాంటా దాకా గంటసేపు ట్రాఫిక్. దారంతా పోట్లాటకి రిహార్సల్ వేసుకున్నాను.

అదే పరీక్ష. కాగితం పెట్టింది, లాగింది. రాలేదు. గర్వంగా తలెత్తాను, అలవాటు కొద్దీ.

ఆవిడ కాగితం చూడటం లేదు. బొటనవేలు చూస్తోంది.

"ఇది ఇలా వంగుతోందేం?"

వేలు దాచేసుకోబోయాను.

"మోచేతి దగ్గర నలిగిన నరం పనిచేస్తుంటే ఇది వంగక్కర్లేదు. దాని పని ఇంకో నరం చేసిపెడుతోంది. ఎవరు నేర్పారు మీకు?"

"నేనే."

"ఎన్నాళ్లు ప్రాక్టీస్ చేశారు?"

"...రోజూ."

నవ్వుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలి పక్కన కండ కరిగి పడిన గుంటని వేలితో తడిమింది. "చాలా కష్టపడి ఉంటారు" అంది. "ఇక మానేయండి."

పోట్లాటకని రాసుకెళ్లిన ప్రశ్నల కాగితం పర్సులోనే ఉండిపోయింది.

మార్చి 18

చిరాకు. ఇరవై ఏళ్లుగా ఈ దేశపు వైద్యాన్ని తిడుతూ వ్యాసాలు రాశాను. ఇప్పుడొక డాక్టర్ని మెచ్చుకోవాల్సి వస్తోంది. ఎలా మెచ్చుకుంటారో కూడా తెలియదు నాకు.

మార్చి 31

రెండో ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ ఒప్పుకోలేదు. కారణం: బలం పూర్తిగా వచ్చింది అని రికార్డులో ఉందట. నేను రాయించుకున్న మాట!

మా వెబ్ పత్రిక నడిపే స్వరూప ఫోన్ చేసింది. "రాయక్కా, గట్టిగ రాయి. ఒక్కొక్కని దుమ్ము లేపు."

"ఏం రాయమంటావే? సాక్ష్యం తారుమారు చేసింది నేను."

అంతా చెప్పాను. అవతల నుంచి —

"అయ్యో అక్కా... గింత వయసుల పరీక్షల కాపీ కొట్టి దొరికినవా!"

పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

ఏప్రిల్ 8

డాక్టర్ వీవర్ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇన్సూరెన్స్ వాళ్ల డాక్టర్‌కి ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్.

అతను: "చార్టులో బలం నార్మల్ అనే ఉంది కదా."

ఆవిడ: "ఆ రోజు కాగితం చూశారు, బొటనవేలు చూడలేదు. కండ ఎంత కరిగిందో ఫొటో పంపాను, కొత్త నరాల టెస్టూ పంపాను. ఆ కండ మొత్తం పోయాక మీరు ఒప్పుకున్నా నేను వెనక్కి తేలేను."

అంతే. గొంతు పెంచలేదు. ఒక్క విశేషణం వాడలేదు. నేనైతే పెట్టుబడిదారీ వ్యవస్థ పుట్టుక దగ్గర మొదలుపెట్టేదాన్ని, అతను ఫోన్ పెట్టేసేవాడు.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "ఓకే, డాక్టర్."

వాదించడం నాకు వచ్చనుకున్నాను ఇన్నాళ్లూ.

ఒకటి మాత్రం మరిచిపోకూడదు. ఇలాంటి మనిషి ఒకరు ఉన్నంత మాత్రాన ఈ ఇన్సూరెన్స్ ఏర్పాటంతా మంచిదైపోదు. ఈవిడ దొరకని వాళ్ల చేతులేమవుతాయి? చెయ్యి కాపాడటానికి ఒక సర్జన్ ఇంకొకరిని బతిమాలాలా? అదే అడిగాను. "బతిమాలలేదు, చెప్పాను" అంది. తర్వాతి పేషెంటు కోసం లేచింది.

ఏప్రిల్ 27

రేపు.

దాచకుండా చెప్పింది ఆవిడ. బాగవ్వచ్చు. ఇలాగే ఉండొచ్చు. ఇంకా చెడొచ్చు. "ఇప్పుడున్నది పోకుండా నిలిపినా నాకు సంతోషమే."

మొదటి డాక్టర్ తప్పే కదా ఇదంతా, అని గుచ్చి గుచ్చి అడిగాను.

"అప్పుడు నేనున్నా ఆ ఆపరేషనే చేసేదాన్నేమో."

నాకొక శత్రువు కావాలి. ఇవ్వనంది.

ఏప్రిల్ 30

ఎడమచేత్తో. కోడి కెలికినట్టు రాత. ఆపరేషన్ అయింది.

మే 2

పాత కోత మానిన చోట లోపలి మచ్చ నరం చుట్టూ గట్టిగా అంటుకుపోయిందట. విడదీయడానికే చాలాసేపు. నరాన్ని మోచేతి వెనక నుంచి ముందుకు తెచ్చి, కండ కింద పడుకోబెట్టానని చెప్పింది. పసిపిల్ల గురించి చెప్పినట్టు.

మే 4

రఘు అన్నం కలిపి పెట్టబోయాడు. ఎవరి మీదా ఆధారపడనన్నాను. ఎడమచేత్తో స్పూను. పప్పంతా ఒళ్లో.

"నీ సిద్ధాంతాలు పప్పుకేం తెలుసు పాపం."

ఒళ్లు తుడిచి, మళ్లీ కలిపాడు. తిన్నాను.

మే 21

కట్టు విప్పారు. చేతికి వ్యాయామం చేయించే థెరపిస్టు పేరు లొరెయిన్. నల్లజాతి స్త్రీ, నా వయసే. మొదటి మాటే — "డాక్టర్ చెప్పింది నీ సంగతి. నా దగ్గర పాసవ్వడాలు లేవు. వారమంతా ఏం చేయలేకపోయావో అది చెప్పు."

తాళంచెవి తిరగలేదు. బంగాళాదుంప జారిపోయింది. జడ వేసుకోలేకపోయాను.

ఒక్కొక్కటీ రాసుకుంది. రాసుకుంటూ "గుడ్" అంది! ఓడినవి చెబితే గుడ్ అన్న మనిషిని యాభై రెండేళ్లలో ఇప్పుడే చూస్తున్నాను. రోజుకి ఎనిమిది గంటలు ఇదే పని ఆమెకు. ఒకరి వేళ్ల తర్వాత ఇంకొకరి వేళ్లు. ఆమె గురించి ఎవరు వ్యాసం రాస్తారు? నేను రాశానా ఎప్పుడైనా?

జూన్ 12

చిటికెన వేలి మొదట్లో చీమలు పాకుతున్నట్టు... లొరెయిన్: "మంచికే కావచ్చు. కాకపోవచ్చు."

జూన్ 13

చీమలు లేవు.

జూన్ 20

కుడిచేత్తో పెన్ను పట్టుకున్నాను. నాలుగు లైన్లు. ఐదో లైనులో అక్షరాలు కిందికి జారాయి. చేతికి చెమట. ఈ పేజీ ఎడమచేతిదే.

జులై 8

లొరెయిన్‌తో తగువు. ఇంకో పది నిమిషాలు వ్యాయామం చేస్తానన్నాను. "నరం నీ మాట వినదమ్మా, నాదీ వినదు" అంది. ఆమె ఇంగ్లీషులో ఆ 'హనీ'కి 'అమ్మా' అని తప్ప ఇంకేం రాయను?

జులై 27

రేపు నరాల టెస్టు. కండ గుంట అలాగే ఉంది. ఒకరోజు కొంచెం నిండినట్టుంటుంది, మర్నాడు ఉండదు. రఘు "మంచి రిజల్టే వస్తుంది చూడు" అన్నాడు. నీల నాన్న కాలు తొక్కింది. ఇద్దరికీ, డాక్టర్ వీవర్‌కీ, ఇంకెవరికైనా సరే — నాకు కావలసినవి రాస్తున్నాను. కుడిచేత్తో, ఒక్కో లైనుకి ఆగుతూ:

ఫలితం నాకే చెప్పాలి. రఘుని పక్కకి పిలవకూడదు.

చిటికెన వేలు రాదంటే రాదనే చెప్పాలి.

తెలియకపోతే తెలియదని చెప్పాలి.

ఎన్నాళ్లు చూడాలో ఒక లెక్క ఇవ్వాలి.

మళ్లీ కోయాల్సి వస్తే డాక్టర్ వీవరే కోయాలి.

లొరెయిన్ దగ్గరికి వెళ్లడం ఆపించకూడదు.

ఈ చెయ్యి నాకు కావాలి.